గురువారం రాహుకాలం అయిదు దాకా

రాహుకాలంలో వార్తలు చూపించకూడదని కోదండరామప్ప అన్నప్పుడు నేను నవ్వి ఊరుకుని ఉండాల్సింది. లేదంటే కుదరదని మొహం మీదే చెప్పాల్సింది. రెండూ చేయలేదు. ఎనిమిది వరుసల కోడ్ రాసిచ్చాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ రోజుకు నాలుగుసార్లు అంటుంది. ఆ నాలుగుసార్లూ నా గురించే అంటుంది.

రెండు వేల తొమ్మిది నాటి మాట ఇది. నా పేరు వినూత. మాది బళ్లారి సత్యనారాయణపేట. నాన్నకు బజార్లో స్టీలు సామాన్ల అంగడి ఉంది. నేను కంప్యూటర్ డిగ్రీ చదివి కోదండరామప్ప ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేరాను. ఆయనది రూపనగుడి. తాతల నాటి నుంచి పత్తి, మిరప పండించిన కుటుంబం. ఖనిజం ధర ఆకాశానికెక్కాక ఆయన కూడా పొలం తమ్ముడికి అప్పజెప్పి లారీల్లోకి దిగాడు. పదకొండు టిప్పర్లు సొంతం. కొండ దగ్గరి ప్లాట్‌లో రాశులుగా పోసిన ఖనిజాన్ని నింపుకుని, ఆంధ్ర సరిహద్దు గేటు దాటి, అవతల గూడ్సు బండ్లకు ఎక్కించే రైల్వే సైడింగ్‌లో పోసి రావడం వాటి పని. పర్మిట్లు కంప్యూటర్లో ఎక్కించడం నా పని.

పర్మిట్లు ఎక్కిస్తూనే ఏడు నెలలు కూర్చుని నేనొక చిన్న యాప్ తయారుచేశాను. అప్పటికి యాప్ అనే మాట మా ఊరికి రాలేదు. డ్రైవర్లు దాన్ని వార్తల డబ్బా అనేవాళ్లు. పేపర్ల సైట్లలో కొత్త వార్త పడగానే అది ఒక జాబితాలోకి చేరుతుంది. దాన్నే ఫీడ్ అంటారు. రెండు తెలుగు పేపర్లు, రెండు కన్నడ పేపర్లు, గనుల శాఖ ఆఫీసు నోటీసుల పేజీ, ఈ అయిదింటినీ పది నిమిషాలకోసారి నా సర్వర్ చూసి వస్తుంది. కొత్తవాటిని ఒకచోట పేర్చి పెడుతుంది. ఫోన్లో ఒక బటన్ నొక్కితే ఆ శీర్షికలన్నీ వరుసగా వస్తాయి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బ్రహ్మవిద్యంతా అక్షరాల దగ్గర వచ్చింది. ఆ చవక ఫోన్లలో తెలుగు గానీ కన్నడ గానీ పెడితే అక్షరానికో ఖాళీ డబ్బా కనిపించేది. చివరికి ప్రతి శీర్షికనూ సర్వర్‌లోనే చిన్న బొమ్మగా మార్చి పంపాను. బొమ్మ ఏ ఫోన్లోనైనా బొమ్మే గదా.

ఇదంతా మొదలైంది హులిగెప్ప వల్ల. ఎమ్మిగనూరు మనిషి. రెండెకరాల చెరుకు తోట అమ్మి ఒక టిప్పర్ కొన్నాడు. ఆయనే ఓనరు, ఆయనే డ్రైవరు. కోదండరామప్ప మాలు బాడుగకు తోలేవాడు. ఒకరోజు ప్లాట్ నుంచి నలభై కిలోమీటర్లు పోయి, గేటు మూసి ఉంటే అక్కడే ఒక పగలూ ఒక రాత్రీ నిలబడి వచ్చాడు.

"మేం ఎన్నిసార్లు ఫోన్ చేశామన్నా" అన్నాను.

"ఇంజన్ మోతలో ఫోన్ యాడ వినపడతాదమ్మా? టీ తాగేకి ఆపినప్పుడు చూస్తా. అప్పుడు కనపడేటట్ల ఏమన్నా ఉంటే చెప్పు."

ఆ ఏమన్నానే నా యాప్. మైన్స్ రోజులవి. పొద్దున ఒక రూలు, సాయంత్రం ఒక రూలు. ఏ రోడ్డు తెరిచి ఉందో, ఏ గేటు మూశారో టీ కొట్టు దగ్గర తెలిస్తే డ్రైవర్‌కు ఒక రోజు బతుకు మిగిలినట్టే. హులిగెప్ప ఏడో తరగతి దాకా తెలుగు చదివాడు. కన్నడ నోటీసుల శీర్షికల్ని కూడా నేను తెలుగులో రాసి పెట్టేదాన్ని.

పరీక్ష కోసం అరవై ఫోన్లలో ఎక్కించాను. ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చాను. హులిగెప్పది ఏడు. మొదటి సోమవారం పొద్దున ఎనిమిదింటికి కోదండరామప్ప తన ఫోన్ తెరిచాడు. పైనే ఒక ఘోర ప్రమాదం వార్త ఉంది.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం పాపా. ఆ పొద్దులో చెడ్డ మాట ఇప్పి చూస్తి. దినమంతా కిరికిరే. రాహుకాలంలో దీన్ని మూసిపెట్టు" అన్నాడు.

సర్వర్ బాడుగ కట్టింది ఆయన. నాకు కంప్యూటర్ ఇచ్చింది ఆయన. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ దేవుడూ పూజారీ ఆయనే. వారంలో ఏడు రోజులకూ ఏడు రాహుకాలాలు పట్టికలో వేశాను. ఆ గంటన్నర ఎవరు తెరిచినా ఒకటే వరుస వస్తుంది: రాహుకాలం, ఇన్ని గంటలకు చూడండి.

నేను సిగ్గుపడుతూ చేసిన ఈ పని డ్రైవర్లకు తెగ నచ్చింది. ఏడు నెలలు కష్టపడి అక్షరాల బొమ్మలు చేస్తే ఒక్కడూ బాగుందనలేదు. దీన్ని మాత్రం అరవై మందీ మెచ్చుకున్నారు. "క్యాలెండర్ చూసే పనే ల్యా ఇంక" అన్నాడు హులిగెప్ప. వారం తిరిగేసరికి రాహుకాలంలో దాన్ని తెరవడమే మానేశారు. నాకు ఒళ్లు మండింది గానీ మెప్పు మెప్పే కాబట్టి మింగేశాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి లారీ సంఘం హాల్లో యాప్ విడుదల. మూడు వందల మంది డ్రైవర్లు వస్తారు. ముహూర్తం కోదండరామప్పే పెట్టాడు. నేను కొత్త చీర కూడా తీసి పెట్టుకున్నాను.

ఆ ముందురోజు గురువారం.

మధ్యాహ్నం ఒకటీ యాభై. ఆఫీసులో నేనూ, ఎదురుగా కోదండరామప్పా ఉన్నాం. పెరుగన్నం డబ్బా మూత పెడుతూ సర్వర్ పేజీ చూశాను. రాహుకాలం కాబట్టి ఫోన్లకు ఏమీ పోదు గానీ, వచ్చినవి లోపల పేరుకుంటూనే ఉంటాయి. పైన కొత్తది ఒకటుంది. నోటీసుల పేజీ నుంచి వచ్చింది, కన్నడలో ఉంది. చదివాను. మళ్లీ చదివాను.

"రామప్పా, ఇది వినండి" అని తెలుగులో చెప్పాను. "ఈ రోజు సాయంత్రం ఆరు గంటల నుంచి ఖనిజంతో ఉన్న ఏ బండీ రోడ్డు మీద ఉండకూడదు. ఉంటే స్వాధీనం చేసుకుంటారు. మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా."

స్వాధీనం అంటే ఏంటో మా ఇద్దరికీ తెలుసు. పట్టుకున్న బండిని ఊరి బయట మైదానంలో నిలబెడతారు. అంతకు ముందు సంవత్సరం పట్టుకున్నవి ఇంకా అక్కడే ఉన్నాయి. టైర్ల సందుల్లో జాలి ముళ్లచెట్లు మనిషెత్తు పెరిగాయి. పదకొండు బండ్ల వాడికి ఒకటి పోతే పది ఉంటాయి. ఒక్కటే ఉన్నవాడికి అక్కడితో సరి.

కోదండరామప్ప కాసేపు గోడ గడియారం వైపు చూశాడు.

"దీన్ని ఎవురెవురు చూసినారు?"

"మన డబ్బాలో అయితే మనమిద్దరమే. మూడింటికి అందరికీ పోతుంది."

"మూడుకి పోనీయొద్దు పాపా. అయిదు చేయి."

"ఏంటి అయిదు?"

"రాహుకాలం. అయిదు దాకా ఉండాదని ఏయి."

"రాహువుకు ఓవర్‌టైం ఇస్తారా?" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కుర్చీ ముందుకు జరుపుకుని నిదానంగా చెప్పాడు. ఆయనకు గొంతు పెంచే అలవాటు లేదు. "గేటు కాడ ఇప్పటికే రెండు కిలోమీటర్లు నిలబడినాయి బండ్లు. ఈ మాట తెలిస్తే ప్లాట్లలో ఉండేటివి కూడా ఒక్కసారి గేటు మీద పడతాయి. మన పదకొండూ ఆరు లోపల దాటల్ల. టీవీలోళ్లకు తెలిసేతలికి ఎట్లా నాలుగు, నాలుగున్నర అయితాది. ఈ రెండు గంటలే అడుగుతాండా."

"మిగతావాళ్లు? తెలిస్తే వాళ్లు వెనక్కి తిప్పుకుని ప్లాట్‌లో దింపేసుకుంటారు గదా. బండ్లు మిగులుతాయి."

"ఎవురి బండి వాళ్లు చూసుకుంటారు. నా బండ్ల మీద పదకొండు సంసారాలు ఉండాయి పాపా. అవి నేను చూసుకోవల్ల." కొంచెం ఆగి అన్నాడు, "రేపు ఆ సంఘమోళ్ల ముందర నిన్ను నిలబెట్టి చెప్పేది నేనే గదా. ఇన్ని నెలల్లో నిన్ను ఒక్క మాట అడిగినానా?"

అడగలేదు. అది నిజం. అదే నా కాళ్లు కట్టేసింది. బెదిరించి ఉంటే ఎగిరిపడేదాన్ని, నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మెత్తగా అడిగేసరికి ఏం చేయాలో తోచలేదు. మర్నాటి హాలు కళ్ల ముందు కనిపించింది. రెండు గంటలే గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గురువారం వరుసలో ఇరవై నాలుగు గంటల లెక్కన పదిహేను అని ఉన్నచోట పదిహేడు అని కొట్టాను. నా వేళ్లతో నేనే కొట్టాను. అప్పుడు టైము రెండూ అయిదు.

ఆయన ప్లాట్ దగ్గరున్న గురునాథ్‌కు ఫోన్ చేశాడు. గురునాథ్ ఆయన మనుషుల్లో పెద్దవాడు, మోటర్‌సైకిల్ మీద తిరుగుతూ బండ్లు చూసుకుంటాడు. ఒక్కో బండి నంబరూ చెప్పించుకున్నాడు. ఏడు గేటు వరుసలో ఉన్నాయి, నాలుగు దారిలో ఉన్నాయి.

"హులిగెప్పదా? యాడుండాడు?... ముందర ఉండాడా?" కోదండరామప్ప ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. "అది బాడుగ బండి గదప్పా. పక్కకు జరగమను. మనయి ముందు పోనీ. ఏం చెప్పొద్దు, సుమ్నె, ఊరికే అట్ల జరగమను."

నేను తెర మీంచి తల ఎత్తాను.

"హులిగెప్పన్న మీ మాలే గదా తోలుతున్నాడు" అన్నాను. "కనీసం ఆయనకు చెప్పండి."

"వానికి చెప్తే వాని ముందరోనికీ వెనకోనికీ చెప్తాడు. వాని గుణం నాకు తెలీదా?"

హులిగెప్ప గుణం తెలిసే చెప్పనన్నాడు. నా మీద నాకు పుట్టినంత కోపం అంతకు ముందు ఎప్పుడూ ఎవరి మీదా పుట్టలేదు. కీబోర్డ్ దగ్గరికి లాక్కున్నాను. అయిదు కాదు, మూడు కాదు, గురువారం వరుసనే మొత్తం చెరిపేశాను. ఇప్పుడు ఎవరు బటన్ నొక్కినా నోటీసే పైన కనిపిస్తుంది. రెండూ ఇరవై అయిదు. తెర ఆయన వైపు తిప్పాను.

"తీసేశాను రామప్పా. ఇప్పుడు అందరికీ పోతుంది."

ఆయన చూశాడు. తిట్టలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, నాకు లెక్క చెప్పే మేష్టారు లాగా అన్నాడు: "పోతాది సరే. చూసేదెవురు? రాహుకాలంలో నీ డబ్బా ఎవురన్నా ఇప్పుతారా? మానేటట్ల నేర్పిచ్చింది నువ్వే గదా."

ఎవరు ఎప్పుడు తెరిచారో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. ఆ పేజీ తెరిచాను. ఒకటిన్నర తర్వాత ఏమీ లేదు. అరవై ఫోన్లు జేబుల్లో, డ్యాష్‌బోర్డుల మీద పడుకుని ఉన్నాయి. నోటీసు అక్కడ గుమ్మంలో నిలబడి ఉంది, తలుపు తీసే దిక్కు లేదు.

కాదు, ఒకటి ఉంది. రెండూ పన్నెండుకు ఒక ఫోన్ తెరిచింది. ఏడో నంబర్.

ఆ నిమిషంలో సర్వర్ దానికి పంపిన వరుస కూడా అక్కడే ఉంది: రాహుకాలం, అయిదు గంటలకు చూడండి.

ఆ రోజంతట్లో నేను అయిదు అని అబద్ధం పెట్టి ఉంచింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో తెరిచింది ఒక్క మనిషి. వరుసలో బండి ఆగినప్పుడు, రాహుకాలం ఎప్పుడు పోతుందో చూద్దామని తెరిచి ఉంటాడు. అయిదు అని నేను చెప్పాను కాబట్టి అయిదు దాకా మళ్లీ తెరవడు. అయిదింటికి తెరిచి చేసేదేముంది? ప్లాట్‌కు తిరిగి రావాలంటే ఆ జనంలో రెండు గంటలు పడుతుంది.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పద్నాలుగుసార్లు చేశాను. కోదండరామప్ప తన ఫోన్లో తన బండ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒకటి దాటింది, రెండోది దాటింది అని నాకు వినిపిస్తూనే ఉంది. మిగిలిన నంబర్లకు కూడా చేశాను. ముగ్గురు ఎత్తారు. ఇద్దరు నమ్మారు. మూడోవాడు "రాహుకాలం పోనీమ్మా, డబ్బాలో వస్తే చూస్తాం" అన్నాడు. నా యాప్‌ను నా మాట కంటే ఎక్కువ నమ్మాడు. వేరే రోజైతే పొంగిపోయేదాన్ని.

మూడు గంటలు కొట్టగానే పేజీలో వరుసలు పడడం మొదలైంది. పన్నెండో నంబర్, ముప్పై మూడు, నలభై. ఒక్కొక్కరే టీ కొట్ల దగ్గర, గేటు వరుసలో, జేబులోంచి తీసి బటన్ నొక్కుతున్నారు. నాలుగో నంబర్. ఆరో నంబర్. ఎనిమిది. తొమ్మిది. మూడూ పది దాకా కూర్చుని చూశాను. ఏడు రాలేదు.

స్కూటీ తాళాలు తీసుకున్నాను.

"యాడికి?" అన్నాడు కోదండరామప్ప.

"గేటుకు."

"కూర్చో పాపా. వాని తలరాత ఎట్లుంటే అట్లయితాది."

"తలరాత కాదు రామప్పా. నా చేతిరాత" అని బయటికి వచ్చేశాను.

ముప్పై రెండు కిలోమీటర్లు. మైన్స్ లారీలు నలిపేసిన రోడ్డు, మోకాలి లోతు గుంతలు, పళ్ల మధ్య కరకరలాడే ఎర్ర దుమ్ము. దుపట్టా ముక్కుకు కట్టుకుని పోతుంటే ఎదురుగా నిండు బండ్లు తిరిగి వస్తున్నాయి. వాళ్లు నోటీసు చూసినవాళ్లు. ఒకడు నన్ను గుర్తుపట్టి హారన్ కొట్టి దండం పెట్టాడు. ఆ దండం నాకు చెంపదెబ్బలా తగిలింది. వాళ్లు తిరిగేకొద్దీ రోడ్డు రెండువైపులా మూసుకుపోయింది. స్కూటీని పొలం గట్లంట తోశాను. నాలుగున్నరకు వరుస చివర కనిపించింది. అక్కణ్ణుంచి ఒక్కో బండి నంబరూ చూసుకుంటూ నడిచాను. ఆరు తర్వాత పట్టుకుంటారని క్యాబిన్లలోకి అరుస్తూ పోయాను. కొందరు దిగారు. కొందరు ఇంజన్ మోతలో చెయ్యి ఊపి నవ్వారు.

హులిగెప్ప బండి వరుసకు పక్కగా ఎడమవైపు మట్టిలో ఉంది. గేటు ఇంకా కిలోమీటరు పైనే. టైము అయిదుకు పది నిమిషాలు.

క్యాబిన్ తలుపు మీద కొట్టాను. తొంగి చూశాడు. "వినూతమ్మా, నువ్వేంది ఈడ?"

చెప్పాను. ఆరింటి ఉత్తర్వు మాట ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆయన ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆరు లోపల గేటు అందదు. ఆరు లోపల ప్లాటూ అందదు.

"ఇక్కడే ఎత్తేయన్నా" అన్నాను. ఎడమవైపు రాళ్ల బీడు, దాంట్లో పంట లేదు, ఇల్లు లేదు. "మాలు ఇక్కడ పోసేయ్. ఖాళీ బండిని ఎవరూ ఏమీ చేయరు."

ఆయన నా మాట అర్థం కానట్టు చూశాడు.

"మాలు మనది కాదు గదమ్మా. రామప్పది. నమ్మి ఎక్కించినాడు. రోడ్డు పాల్జేసి ఏ మొగం పెట్టుకుని పోయేది ఆయప్ప కాడికి? ఉండు, అడిగి చేస్తా." ఫోన్ కోసం డ్యాష్‌బోర్డు మీద తడిమాడు.

"అడగొద్దు. ఆయనకు రెండింటికే తెలుసు."

"తెలిస్తే నాకు చెప్పకుండా ఉంటాడా?"

"ఆయన బండ్లు నిన్ను దాటి పోలేదా?"

హులిగెప్ప చెయ్యి ఆగింది. "గురునాథప్ప వచ్చి రవంత పక్కకు జరుగు అంటే జరిగితి" అన్నాడు. ముందు బండి పొగ మా ఇద్దరి మొహాల మీదికీ వస్తోంది. అప్పుడు అడిగాడు, "మరి నీకెప్పుడు తెలిసె?"

ఈ ప్రశ్న వస్తుందని ముప్పై రెండు కిలోమీటర్లు అనుకుంటూనే వచ్చాను. ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. నమ్ముతాడు. నమ్ముతాడు కాబట్టే చెప్పలేకపోయాను.

"ఆయన కంటే ముందే తెలుసన్నా. ఆయనకు చదివి చెప్పింది నేనే. రాహుకాలం అయిదు దాకా అని వేసింది కూడా నేనే."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. పంచాంగంలో అనుమానం తీర్చుకున్నవాడిలా తల ఊపాడు.

"గురువారం మూడుకే గదా అయిపోయేది అనుకుంటి. నువ్వు అయిదు అని ఏసినావు. చదువుకున్న బిడ్డ, నాకు తెలీనిది ఏమన్నా ఉండాదేమో అనుకుంటి."

నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చడం మొదలుపెడతాడని భయమేసి ఆపుకున్నాను.

అయిదూ పది. దిగి వెనక బండివాడితో మాట్లాడి నాలుగు గజాలు వెనక్కి జరిపించాడు. టిప్పర్ వెనుక భాగాన్ని బీడు వైపు తిప్పడానికి ఆరుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చింది. ఒక చక్రం గట్టు జారింది. నేను వెనక నిలబడి చేతులతో సైగలు చేశాను. ఎక్కడ నిలబడాలో కూడా తెలియని నన్ను ఆయనే అరిచి పక్కకు జరిపాడు. చివరికి క్యాబిన్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్‌కు ఆనించి, ఒకసారి నొసలు దానికి తాకించాడు. లివర్ లాగాడు.

టిప్పర్ డబ్బా మెల్లగా లేచింది. మొదట గులకరాళ్లు రాలాయి. తర్వాత మొత్తం ఒక్కసారి జారి బీడులో పడింది. భూమి అదిరింది. దుమ్ము లేచి కాసేపు ఒకరికొకరం కనపడలేదు. ఆ చప్పుడుకు ముందు బండ్లవాళ్లు దిగి చూశారు. ఒకడు పిచ్చి పట్టిందా అన్నాడు. ఇంకొకడు తన బండి వైపు పరుగెత్తాడు. ఆరు లోపల ఆ బీడులో ఇంకో ఏడెనిమిది రాశులు పడ్డాయి. పడనివి పడలేదు.

సరిగ్గా ఆరింటికి రెండు జీపులు వచ్చాయి. వరుస వెంబడి నంబర్లు రాసుకుంటూ, తాళాలు అడిగి తీసుకుంటూ వచ్చారు. ఒక డ్రైవర్ రోడ్డు మీద కూర్చుండిపోయాడు. హులిగెప్ప బండి దగ్గర ఒకాయన ఆగి లాఠీతో డబ్బా మీద కొట్టాడు. గలగలమంది.

"ఖాళీనా?"

"ఖాళీ సార్" అన్నాడు హులిగెప్ప.

"హోగు" అని పొమ్మన్నట్టు చెయ్యి ఊపి ముందుకు నడిచాడు.

బండి మిగిలింది. నేను గట్టు మీద కూర్చున్నాను. నా ఫోన్ మోగుతోంది. కోదండరామప్ప. ఎత్తలేదు. హులిగెప్ప వచ్చి కొంచెం దూరంలో కూర్చున్నాడు. సీసాలో నీళ్లు నాకిచ్చి, నేను తాగాక తనూ తాగాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

"వినూతమ్మా, ఎక్కిచ్చేది చూపిస్తివి. తీసేసేది చూపియ్యలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏదో చెప్పబోయాను. ఆ పట్టిక మొత్తం తీసేస్తానని, ఇంకెప్పుడూ దేన్నీ ఆపనని.

"కోపం ఉండాది. ల్యా అంటే అబద్ధం" అన్నాడు. "కోపానికి కాదు. రేపు దీంట్లో గేటు తెరిచినారు అని వస్తాది. నిజమా, ఎవురన్నా ఏపిచ్చినారా అని నాకు వస్తాది. అట్ల అనుమానం పెట్టుకుని బండి తోలలేను. నువ్వు వచ్చి చెప్తివి, బండి మిగిలె. అది మర్చిపోను. ఇది మాత్రం తీసెయ్యి."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. దుమ్ము పట్టిన అద్దాన్ని దుపట్టాతో తుడిచాను. రేపు పొద్దున తొమ్మిదీ ఇరవైకి మూడు వందల ఫోన్లలోకి ఎక్కాల్సినది అక్కడ ఉంది, నేనే గీసిన చిన్న గుర్తుతో. దాని మీద ఆగి మెనూ తెరిచాను. నిజంగానే తీసేయాలా అని ఫోన్ అడిగింది. హులిగెప్ప పక్కనే కూర్చుని తెర వైపే చూస్తున్నాడు. అవును అని నొక్కి, ఫోన్ ఆయనకిచ్చేశాను.